మందుల చీటీలో లేని మనిషి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

మంచానపడ్డ పెద్దవారినో, దీర్ఘవ్యాధితో ఉన్న జీవిత భాగస్వామినో, ప్రత్యేక అవసరాలున్న బిడ్డనో ఇంట్లో ఏళ్ల తరబడి చూసుకుంటున్నవారు రాసిన ఉత్తరాలకే ఈసారి ఈ శీర్షికను కేటాయించాం. ఉత్తరాలను కుదించి, రాసినవారి వివరాలు బయటపడకుండా ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: మా అత్తగారికి పక్షవాతం వచ్చి మూడేళ్లయింది. కుడి చేయి, కుడి కాలు పనిచేయవు, మాట స్పష్టంగా రాదు. స్నానం, బట్టలు మార్చడం, మందులు, వ్యాయామం, రాత్రిపూట పక్కకు తిప్పడం అన్నీ నేనే చూస్తాను. మావారు ఉద్యోగం నుంచి వచ్చేసరికి చాలా పొద్దుపోతుంది. ఆడపడుచులు, మరిది అప్పుడప్పుడు వచ్చి చూసి, "నీ ఆరోగ్యం కూడా చూసుకో వదినా" అని చెప్పి వెళ్తారు. చూసుకోవాలనే ఉంది, కానీ ఎప్పుడు? రాత్రి వరుసగా నాలుగు గంటలు నిద్రపోయి ఎంతకాలమైందో గుర్తులేదు. ఈమధ్య ఏ కారణమూ లేకుండా ఏడుపు వస్తోంది. పెద్దావిడ విషయంలో ఇలా విసుగు చెందడమే తప్పేమోనని కూడా అనిపిస్తోంది.

జవాబు: "ఎప్పుడు?" అని మీరు అడిగిన ఆ ఒక్క మాటకు సమాధానం ఇవ్వకుండా, నడక మంచిదనీ ధ్యానం మంచిదనీ రాస్తే, ఇప్పటికే మోయలేనన్ని పనులున్న మీకు ఇంకో రెండు పనులు అప్పగించినట్లవుతుంది. మీకు ముందుగా కావలసినవి ఖాళీ గంటలు. అవి దొరకాలంటే ఆ గంటల్లో మీ చోట నిలబడే మరో మనిషి కావాలి. అందువల్ల నా జవాబులో ఎక్కువ భాగం మీ ఇంట్లో పని పంచుకోవలసిన తీరు గురించే ఉంటుంది.

అంతకంటే ముందు, తప్పేమోనన్న మీ సందేహం తీరాలి. మీ విసుగును మీ స్వభావంలోని లోపంగా గాక, వైద్యులు పట్టించుకోవలసిన లక్షణంగా చూడండి. 1999లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, జీవిత భాగస్వామితో కలిసి ఉంటున్న 66 నుంచి 96 ఏళ్ల వయసువారిని నాలుగేళ్లపాటు గమనించారు. భాగస్వామికి సేవ చేస్తూ, దానివల్ల తాము నలిగిపోతున్నామని చెప్పినవారిలో మరణించే ముప్పు, అలాంటి బాధ్యత లేనివారితో పోలిస్తే 63 శాతం ఎక్కువగా తేలింది. అయితే సేవ చేస్తున్నా నలుగుబాటు లేదన్నవారిలో ఈ పెరుగుదల కనిపించలేదు. నాకు ఈ రెండో సంగతే ముఖ్యంగా తోస్తుంది. సేవ దానంతటదే ప్రాణం మీదికి తేవడం లేదు. విరామమూ తోడూ లేకుండా చేయవలసి రావడమే తెస్తోందని నేను అర్థం చేసుకుంటున్నాను. అంతకు నాలుగేళ్ల ముందు, 1995లో, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు) ఉన్న బంధువులను చూసుకుంటున్న 13 మంది మహిళల చర్మంపై ఒక చిన్న గాయం చేసి, అది మానే తీరును పరిశీలించారు. ఇంచుమించు అదే వయసులో ఉండి అలాంటి బాధ్యత లేని మహిళలకంటే వీరి గాయం మానడానికి సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. పాల్గొన్నవారు కొద్దిమందే అయినా, విశ్రాంతి లేని మనసు ఒంటిని ఎంతగా దెబ్బతీస్తుందో ఆ ఫలితం చెబుతోంది.

ఇక పని సంగతి. ఒక వారంపాటు మీరు చేసే ప్రతి పనినీ, మొదలుపెట్టిన వేళతో సహా కాగితం మీద రాయండి. రాత్రి ఎన్నిసార్లు లేచారో కూడా రాయండి. ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి ఇది రాయమనడం లేదు. మీ ఆడపడుచులు వచ్చేసరికి వాళ్లమ్మగారు ఉతికిన దుప్పటి మీద, తల దువ్వించుకొని పడుకొని ఉంటారు; ఆ దుప్పటి ఆ పూటకు ఎన్నోసారి మార్చిందో వారికి తెలిసే వీలు లేదు. ఆ కాగితం ముందు పెట్టుకొని అందరూ ఒకరోజు కూర్చోవాలి. అక్కడ మాట మొదలుపెట్టవలసినవారు మీవారు. ఆమె ఆయన తల్లి, వారు ఆయన తోబుట్టువులు. కోడలు అడిగితే సణుగుడులా వినిపించే మాట, కొడుకు అడిగితే బాధ్యతలా వినిపించడం అన్యాయమే. ఆ అన్యాయాన్ని సరిదిద్దే ఓపిక ఇప్పుడు మీకు లేదు గనుక, ఆ పని ఆయననే చేయమనండి.

అడిగే తీరు కూడా ముఖ్యం. "మీరూ కొంచెం సాయపడండి" అంటే అందరూ తలూపుతారు, ఎవరూ రారు. "ప్రతి ఆదివారం ఉదయం నుంచి చీకటిపడే దాకా అమ్మ దగ్గర ఎవరుంటారు? ఫిజియోథెరపీకి ఎవరు తీసుకెళ్తారు? మందులు అయిపోకముందే తెప్పించే పని ఎవరిది?" అని అడిగితే ప్రతి పనికీ ఒక మనిషి పేరు పడుతుంది. సమయం ఇవ్వలేనివారు, రోజుకు కొన్ని గంటలు ఉండే సహాయకురాలికి జీతం ఇవ్వవచ్చు. వారానికి రెండు రాత్రులైనా మీవారు తల్లి గదిలో పడుకోవాలి, ఆ రెండు రాత్రులూ మీరు వేరే గదిలో తలుపు వేసుకొని నిద్రపోవాలి. రాత్రి తిప్పడం గురించి నర్సును గానీ వైద్యులను గానీ మళ్లీ అడగండి. పడక పుండ్లు రాకుండా రెండు గంటలకోసారి తిప్పాలన్నది అందరికీ ఒకేలా వర్తించే నియమం కాదు. చర్మం స్థితిని, పరుపు రకాన్ని చూసి వారు ఆ వ్యవధిని నిర్ణయిస్తారు. తగిన గాలి పరుపు ఉంటే మధ్యలో మీకు కాస్త ఎక్కువసేపు కన్నుమూసే వీలు కలగవచ్చు.

కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడించడం వల్ల ఒరిగేదేముందని అనుకోకండి. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో, డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ జబ్బు ఉన్న రోగుల భార్యలకు, భర్తలకు ఆరు విడతల కౌన్సెలింగ్ ఇచ్చి చూశారు. అందులో రెండు విడతలు సేవ చేసే మనిషితో విడిగా, నాలుగు విడతలు మిగిలిన కుటుంబసభ్యులతో కలిపి జరిగాయి. ఆ తర్వాత సహాయక బృందమూ, అవసరమైనప్పుడు ఫోన్లో సలహా చెప్పే ఏర్పాటూ కొనసాగాయి. 1996లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఈ తోడ్పాటు అందిన ఇళ్లలో రోగిని సంరక్షణ గృహానికి పంపవలసిన అవసరం మిగిలినవారికంటే దాదాపు 329 రోజులు ఆలస్యంగా వచ్చింది. రోగికి కొత్త మందేదీ ఇవ్వలేదు. చుట్టూ ఉన్నవారు చేయి వేసేలా చేశారు, అంతే.

కారణం లేని ఏడుపు మాత్రం పని పంపకంతో తీరుతుందని ఎదురుచూడకండి. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి దాదాపు రోజూ ఉంటే అది కుంగుబాటు కావచ్చు, దానికి చికిత్స ఉంది. ఈసారి అత్తగారిని చూపించడానికి వెళ్లినప్పుడు, మీ పేరున ఇంకో చీటీ రాయించుకొని మీరూ వైద్యులను కలవండి. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి, ఆ రోజే వైద్యుల దగ్గరకు వెళ్లండి.

ప్రశ్న: మా నాన్నగారికి అల్జీమర్స్. అడిగిందే అడుగుతారు. చనిపోయిన మా అమ్మ ఎక్కడికి వెళ్లిందని రోజుకు ఎన్నిసార్లు అడుగుతారో లెక్కలేదు. సాయంత్రమైతే తన ఇంటికి వెళ్లిపోతానని తలుపు లాగుతారు. మొన్న స్నానానికి రానని పెనుగులాడితే కోపం ఆపుకోలేక ఆయన చేయి గట్టిగా పట్టి లాగాను. చేయి కమిలింది. నన్ను చదివించి ఇంతవాణ్ని చేసిన మనిషిని అలా లాగానన్న ఆలోచనతో నిద్ర పట్టడం లేదు. నాలాంటివాడు ఆయనను చూసుకోవడానికి తగినవాడేనా?

జవాబు: చేయి కమిలిందని దాచకుండా రాశారు గనుక నేనూ దాచకుండా చెబుతాను. ఆ రోజు జరిగింది మళ్లీ జరగకూడదు. జరగకుండా చూసే బాధ్యత మీది. అయితే ఆ బాధ్యతను మనోనిబ్బరం మీద వదిలేయకండి, ఏర్పాటు మీద పెట్టండి. అలసిన మనిషి తనకు తాను చేసుకున్న ప్రతిజ్ఞ సాయంత్రానికి నిలవదు. కోపం నషాళానికి ఎక్కే ముందు మీ ఒంట్లో కనిపించే గుర్తును పట్టుకోండి. దవడ బిగియడం కావచ్చు, గొంతు పెరగడం కావచ్చు. అది కనిపించగానే, నాన్నగారు పడిపోయే చోట గానీ వేడి నీళ్ల దగ్గర గానీ లేరని చూసుకొని, పక్క గదిలోకి వెళ్లి కొద్ది నిమిషాలు ఉండండి. స్నానం ఆ పూటకు మానేసినా కొంప మునగదు. తడిగుడ్డతో ఒళ్లు తుడిచినా చాలు. ఏ వేళ ఆయన నెమ్మదిగా ఉంటారో ఆ వేళకు స్నానాన్ని మార్చండి. స్నానం చేయించే పని మాత్రం శిక్షణ ఉన్న సహాయకుడికి అప్పగించగలిగితే, మీ ఇద్దరి మధ్య రోజూ జరుగుతున్న పెనుగులాటే ఉండదు.

అమ్మ గురించి అడిగినప్పుడల్లా ఆమె చనిపోయిందని చెబితే, ఆయనకు ఆ కబురు ప్రతిసారీ కొత్తదే అవుతుంది. నిజం చెప్పాలన్న పట్టుదలను ఇక్కడ సడలించడం తప్పు కాదని నా అభిప్రాయం. "అమ్మ గుర్తొచ్చిందా నాన్నా? ఆమెతో మొదటిసారి ఎక్కడికి వెళ్లారో చెప్పండి" అంటూ మాటను జ్ఞాపకం వైపు తిప్పవచ్చు. ఇంటికి వెళ్తానన్నప్పుడు, ఇదే ఇల్లని వాదించేకంటే కాసేపు బయట తిప్పి తీసుకురావడం మేలు. 2014లో అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు అల్జీమర్స్ ఉన్నవారికి బాధ కలిగించే, సంతోషం కలిగించే దృశ్యాలు చూపించారు. ఏం చూశారో వారు కాసేపటికే మరిచిపోయారు గానీ, ఆ దృశ్యం మిగిల్చిన బాధ, సంతోషం అంత తొందరగా వారిని వదల్లేదు. మీరు మెల్లగా చెప్పిన మాట ఆయన మరిచిపోవచ్చు. ఆ మెత్తదనం మాత్రం కొంతసేపు ఆయనలో ఉంటుంది.

ఒక హెచ్చరిక చేయక తప్పదు. పెనుగులాట, గందరగోళం రెండుమూడు రోజుల్లో హఠాత్తుగా పెరిగితే, జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, చెప్పుకోలేని నొప్పి, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వెంటనే వైద్యులకు చూపించాలి.

మీరు తగినవారేనా అని అడిగారు. తండ్రి ఎదురుగానే ఉండి, మీరు ఎరిగిన తండ్రి కనిపించకపోవడం ఒక రకమైన వియోగం. పౌలీన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల నుంచి ఈ స్థితి మీదే పనిచేశారు. మనిషి ఉన్నాడో లేడో తేలని ఇలాంటి నష్టాన్ని చుట్టుపక్కలవారు దుఃఖంగా గుర్తించరు, పలకరించడానికి ఎవరూ రారు, అందుకే అది లోపలే గడ్డకట్టుకుపోతుందని ఆమె వివరించారు. మీ కోపంలో కొంత భాగం ఈ దుఃఖమే కావచ్చు. దాని గురించి అన్నదమ్ములతోనో, స్నేహితుడితోనో, కౌన్సెలర్‌తోనో మాట్లాడండి. డిమెన్షియా రోగులను చూసుకునేవారి కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐసపోర్ట్ పేరుతో ఒక శిక్షణ పుస్తకం విడుదల చేసింది. రోజువారీ పనులు, మారిన ప్రవర్తనను ఎదుర్కొనే తీరు, మీ సొంత ఆరోగ్యం, అన్నీ అందులో అభ్యాసాలతో సహా ఉన్నాయి.

ప్రశ్న: అలసట ఎవరికైనా ఉంటుంది. నాది మామూలు అలసటో, ప్రమాదకరమైనదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ఒక రాత్రి నిండుగా నిద్రపోయి, ఒక పూట బయటికి వెళ్లివస్తే తీరేది మామూలు అలసట. విశ్రాంతి దొరికినా తీరనిది, రోగి గొంతు వినగానే ఒళ్లు బిగిసేది, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కానిది, మీ సొంత మందులు వేసుకోవడం కూడా మరిపించేది వేరు. దీన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి ఉంది. స్టీవెన్ జారిట్ అనే అమెరికన్ పరిశోధకుడు, ఆయన సహచరులు 1980లో దీన్ని రూపొందించారు. ఇప్పుడు ఎక్కువగా వాడే రూపంలో 22 ప్రశ్నలుంటాయి. మీకంటూ సమయం మిగలడం లేదని అనిపిస్తోందా, రోగి దగ్గర ఉన్నప్పుడు కోపం వస్తోందా, మీ ఆరోగ్యం దెబ్బతిన్నదా వంటివి అడుగుతారు. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు, మొత్తం 88. మార్కులు పెరిగేకొద్దీ భారం ఎక్కువని అర్థం. వైద్యులు గానీ కౌన్సెలర్ గానీ దీన్ని మీతో చేయించగలరు. రోగి వెంట వచ్చిన మనిషికి ప్రతి ఆసుపత్రిలోనూ ఇది అలవాటుగా చేయించాలని నేను గట్టిగా నమ్ముతాను. కొద్ది నిమిషాల ఈ పలకరింపు ఒక్కటి ఎంతోమందిని ముందే కాపాడుతుంది.

ప్రశ్న: నా భర్తను మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి మార్చేటప్పుడు నడుము పట్టేస్తోంది. ఆయన నాకంటే బాగా బరువు. ఏం చేయాలి?

జవాబు: ఆయనను ఎత్తడం మానేయండి. ఎత్తకుండా జరిపే పద్ధతులున్నాయి. వాటిని ఫిజియోథెరపిస్ట్ ఇంటికి వచ్చి, మీ మంచం దగ్గరే, మీ ఇద్దరి చేతా చేయించి నేర్పాలి. సూత్రం ఇది. ముందు కుర్చీ చక్రాలకు బ్రేకు వేయండి. ఆయనను పక్కకు దొర్లించి, కాళ్లు మంచం కిందికి దించి, ఆయన చేతి బలంతోనే లేచి కూర్చునేలా చూడండి. కాసేపు కూర్చోనిచ్చి, తల తిరగడం లేదని తెలిశాకే నిలబెట్టండి. మీరు దగ్గరగా నిలబడి, పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచండి. నడుము వంచవద్దు, మెలితిప్పవద్దు. ఆయన మీ మెడ పట్టుకొని వేలాడకూడదు. పట్టుకోవడానికి ఆయన నడుముకు కట్టే పట్టీలు, పరుపు మీద సులువుగా జరిపే జారుడు గుడ్డలు దొరుకుతాయి. ఎత్తు పెంచి తగ్గించే మంచం ఉంటే సగం శ్రమ తప్పుతుంది. ఆయన పడిపోతుంటే ఆపాలని చూడకండి, మీకు ఆనించుకొని మెల్లగా నేల మీదికి జారనివ్వండి. మీకు కాలిలో తిమ్మిరి, బలహీనత ఉన్నా, మూత్రం మీద అదుపు తప్పినా ఆలస్యం చేయకుండా వైద్యులను కలవండి.

ప్రశ్న: నేను దూరదేశంలో ఉంటాను. అమ్మను మా అక్క చూసుకుంటోంది. నేను డబ్బు పంపిస్తాను, రోజూ ఫోన్ చేస్తాను. అయినా ఈమధ్య అక్క నాతో ముభావంగా ఉంటోంది. నేను ఇంకేం చేయగలను?

జవాబు: ఈ శీర్షికకు దూరంగా ఉన్న తోబుట్టువులు రాయడం అరుదు, రాసినందుకు సంతోషం. మీ ఫోన్లో మొదటి ప్రశ్న ఏమిటో గుర్తుచేసుకోండి. "అమ్మ ఎలా ఉంది?" అన్నదే అయితే, ఆ తర్వాత "బీపీ చూశావా? ఆ డాక్టరు కాకపోతే ఇంకొకరికి చూపించు" అన్న మాటలే వస్తే, మీ అక్కకు అది తనిఖీలా అనిపిస్తుంది. అమ్మ గురించి అడిగే ముందు ఆమె గురించి అడగండి, సలహా అడిగితేనే ఇవ్వండి.

దూరం నుంచి చేయగల పని చాలా ఉంది. పరీక్షల నివేదికలన్నీ వరుసగా భద్రపరచడం, వైద్యుల అపాయింట్‌మెంట్లు తీసుకోవడం, మందులు ఇంటికి చేరేలా చూడడం, బీమా కాగితాలు, బిల్లులు, సహాయకురాలి జీతం, ఆమె సెలవు పెట్టిన రోజున బదులు మనిషిని వెతకడం, వీటిలో కొన్నింటిని పూర్తిగా మీరే తీసుకోండి. పూర్తిగా అంటే, అక్క మీకు గుర్తుచేయవలసిన అవసరం కూడా ఉండకూడదు. సెలవులో వచ్చినప్పుడు చుట్టపుచూపుగా ఉండి వెళ్లకుండా, మొదటి రెండు మూడు రోజులు అక్క పక్కన ఉండి పని నేర్చుకొని, తర్వాత ఆమెను ఎక్కడికైనా పంపించి అమ్మను మీరొక్కరే చూసుకోండి. ఆ కొద్ది రోజులు, మీరు పంపిన డబ్బుకంటే ఎక్కువ ధైర్యం ఇస్తాయి.

దూరం నుంచి వచ్చిన బంధువు అపరాధ భావంతో హడావిడిగా చికిత్సలన్నీ మార్చమని పట్టుబట్టడం వైద్యులకు బాగా తెలిసిన విషయం. వృద్ధుల వైద్యానికి సంబంధించిన ఒక అమెరికన్ పత్రికలో 1991లోనే ఈ ధోరణి మీద వ్యాసం వచ్చింది. వైద్యులతో మాట్లాడే ముందు అక్క అభిప్రాయం తెలుసుకోండి. అమ్మ ఏం కోరుకుంటోందో ఆమెకు మీకంటే దగ్గరగా తెలుసు.

ప్రశ్న: నా భార్యకు క్యాన్సర్, బాగా ముదిరిందన్నారు. ఆమె ముందు కన్నీళ్లు పెట్టుకోకూడదని స్నానాల గదిలో ఏడుస్తున్నాను. నాకు షుగర్ ఉంది, మందులు సరిగా వేసుకోవడం లేదు. ఇప్పుడు నా గురించి ఆలోచించే సమయమా ఇది?

జవాబు: అవును, ఇదే సమయం. మీ షుగర్ అదుపు తప్పి మీరు ఆసుపత్రిలో చేరితే ఆమె పక్కన ఎవరుంటారు? ఆమె మందుల పెట్టెలోనే మీవీ పెట్టుకొని, ఆమెకు ఇచ్చే వేళకే మీరూ వేసుకోండి. ఆ వేళలు సరిపోతాయో లేదో మీ వైద్యుణ్ని అడగండి.

మీ ఊళ్లో పాలియేటివ్ కేర్, అంటే ఉపశమన చికిత్స చేసే బృందం ఉందేమో ఆమె వైద్యులను అడగండి. ఆ మాట వింటే చివరి రోజులని భయపడతారు గానీ, క్యాన్సర్ చికిత్సతోపాటే దాన్ని మొదలుపెట్టవచ్చు. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవారికి మొదటినుంచే ఈ సేవ అందిస్తే వారి జీవన నాణ్యత మెరుగుపడి, కుంగుబాటు తగ్గింది. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను, అంటే నయం కాని జబ్బుతో ఉన్నవారికి చివరిదశలో సేవ చేసే కేంద్రాన్ని, స్థాపించిన సిసిలీ సాండర్స్, రోగి బాధ అంటే ఒంటి నొప్పి ఒక్కటే కాదనీ, మనసు, బంధాలు, విశ్వాసం అన్నీ కలిసిన నొప్పి అనీ చెప్పారు. ఆ దారిలో నడిచే బృందాలు రోగితోపాటు కుటుంబాన్ని కూడా తమ బాధ్యతగానే చూస్తాయి. మీరు అక్కడ ఏడవవచ్చు.

భార్య ముందు కూడా ఏడవవచ్చని నేను అంటాను. ఆమెకు మీ కళ్లు చూస్తే తెలియకుండా ఉంటుందా? ఇద్దరికీ తెలిసిన సంగతిని ఇద్దరూ దాచుకుంటే, చెప్పుకోవలసిన మాటలు మిగిలిపోతాయి.

ప్రశ్న: మా పెద్దబాబుకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు అదుపులో లేని స్థితి), పద్నాలుగేళ్లు. అన్నీ నేనే చేయాలి. పదేళ్ల మా పాప ఏదీ అడగదు, అన్నయ్య పనుల్లో నాకు సాయం చేస్తుంది. బంగారు తల్లి అని అందరూ మెచ్చుకుంటారు. నా తర్వాత వాడి గతేమిటన్న ఆలోచన నన్ను తినేస్తోంది.

జవాబు: పాప ఏదీ అడగకపోవడం నన్ను కలవరపెట్టింది. అమ్మ అలసిపోయిందని తెలిసి, తన అవసరాలు తీసి పక్కన పెట్టుకున్న పిల్లలు అలాగే ఉంటారు. చిన్న చిన్న సాయాలు చేయనివ్వండి, కానీ మందులు, రాత్రి కాపలా, అన్నయ్యను ఎత్తడం ఆమె పనులు కాకూడదు. వారంలో ఒక నిర్ణీత సమయం పూర్తిగా ఆమెదిగా ఉంచండి; ఆ సమయంలో అన్నయ్య ఊసు రాకపోతే మరీ మంచిది. విసుగొస్తోందని, సిగ్గేస్తోందని ఆమె ఎప్పుడైనా అంటే కోప్పడకుండా వినండి. "నా తర్వాత అన్నయ్యను నువ్వే చూసుకోవాలి" అన్న మాట మాత్రం పదేళ్ల పిల్లతో అనకండి. పెద్దయ్యాక ఆమె తనంతట తాను తీసుకోవలసిన నిర్ణయం అది.

మీ తర్వాత ఏమిటన్న ప్రశ్నకు పని ఇప్పుడే మొదలుపెడితే, అది మిమ్మల్ని తినడం కొంత తగ్గుతుంది. బాబు గురించి మీకు మాత్రమే తెలిసినవన్నీ ఒక పుస్తకంలో రాయండి. నొప్పిగా ఉంటే ఎలా చూస్తాడు, ఏ శబ్దానికి భయపడతాడు, ఎలా కూర్చోబెడితే సుఖంగా మింగుతాడు, ఫిట్స్ వస్తే ఏం చేయాలి, ఏ మందు పడదు. తర్వాత ఇంకొకరి చేతికి బాబును అలవాటు చేయండి. మొదట మీరు గదిలో ఉండగానే, తర్వాత పక్క గదిలో ఉండి, ఆ తర్వాత బయటికి వెళ్లి. మొదట్లో వాడు ఏడుస్తాడు, మీకు వెనక్కి రావాలనిపిస్తుంది. ఓర్చుకోండి. మీ చేయి తప్ప మరొకటి ఎరగని బిడ్డకు, మీకు జ్వరం వచ్చిన రోజునే కష్టం మొదలవుతుంది. చట్టపరమైన సంరక్షకులు, ఆస్తి, డబ్బు ఏర్పాట్ల గురించి భర్తతో కలిసి న్యాయవాదిని సంప్రదించండి. ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రుల బృందం దగ్గరలో ఉంటే చేరండి. ఏ థెరపిస్ట్ ఓపికగా చేస్తారు, ఏ కుర్చీ నడుముకు ఆసరా ఇస్తుంది వంటివి నాకంటే వారికే బాగా తెలుసు.

ప్రశ్న: ఆరేళ్లు చూసుకున్న అమ్మ పోయిన నెల వెళ్లిపోయింది. కబురు విన్న క్షణంలో నాకు మొదట కలిగింది ఊరట. అప్పటినుంచి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. మందుల వేళకు ఇప్పటికీ మెలకువ వస్తోంది. లేచి ఏం చేయాలో తెలియదు.

జవాబు: మీకు కలిగింది చాలామందికి కలిగేదే. 2003లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో, డిమెన్షియా ఉన్న ఆత్మీయులను ఇంట్లో చూసుకొని పోగొట్టుకున్న 217 మందిని ప్రశ్నించారు. ఆ మరణం తమకు ఊరటనిచ్చిందని 72 శాతం మంది చెప్పారు. పోయినవారికి కూడా అది ఊరటేనని 90 శాతానికి పైగా నమ్మారు. ఇన్నాళ్లూ అమ్మ పడిన బాధను రోజూ దగ్గరగా చూసినవారు మీరు. ఆ బాధ ఆగినందుకు కలిగిన ఊరట, ఆమె మీద ప్రేమ లేదనడానికి సాక్ష్యం కాదు.

ఆరేళ్లు ఒంటికి పట్టిన వేళలు నెల రోజుల్లో వదలవు. మెలకువ వచ్చినప్పుడు మళ్లీ పడుకోవాలని పెనుగులాడకుండా లేచి కాసేపు కూర్చోండి, నిద్ర వస్తే వెళ్లి పడుకోండి. వెంటనే ఉద్యోగంలో చేరమనీ, ఇల్లు మారమనీ, అమ్మ వస్తువులు ఇచ్చేయమనీ చెప్పేవారి మాటకు తొందరపడకండి. ఆరేళ్లలో మాటలు తగ్గిన స్నేహితులకు మీరే ముందు ఫోన్ చేయండి. మీకు తీరిక లేదనుకొని వారు దూరమై ఉంటారు. దుఃఖం ఆరు నెలలు దాటినా ఏమాత్రం సడలకుండా రోజువారీ పనులను అడ్డుకుంటూ ఉంటే మానసిక వైద్యులను కలవండి. దానికంటే ముందు, ఈ నెలలోనే, అమ్మ కోసం వాయిదా వేసుకున్న మీ సొంత పరీక్షలు, కంటివైనా పంటివైనా, బీపీ, షుగర్ అయినా, ఒక్కొక్కటిగా చేయించుకోండి. ఆసుపత్రికి ఒంటరిగా వెళ్లడం కష్టంగా ఉంటే తోడుగా ఒకరిని రమ్మనండి.